లింగాల దారిలో జంటకలాలు

ఒకరు మొదలుపెట్టిన పద్యాన్ని ఇంకొకరు అందుకోవడం, రాసిందల్లా ముందుగా మిత్రుడికి చదివి వినిపించడం, నచ్చిన కథకు తమ వంతు చేర్చడం... కడప జిల్లాలో ఇది కొత్త ముచ్చటేం కాదు. లింగాల నుంచి ప్రొద్దుటూరు దాకా వెళ్తే దారిపొడవునా అలాంటి జంటలు, గుంపులు కనిపిస్తాయి.

లింగాలకు సాయంత్రం పూట చేరితే బాగుంటుంది. పులివెందులలో బస్సెక్కి పడమరగా సాగితే ఊళ్లు దాటేకొద్దీ చీనీ తోటలు, అరటి తోటలు ఎదురొస్తాయి. గెలలు నింపుకొన్న లారీలు పక్కనుంచి దూసుకుపోతాయి. కరువుసీమ అని పుస్తకాల్లో చదువుకుని వచ్చినవాళ్లు ఈ పచ్చదనం చూసి కాస్త తికమక పడతారు. ఆ పచ్చదనం వెనక చిత్రావతి ఉంది. లింగాల మండలంలోని పార్నపల్లె దగ్గర ఆ ఏటి మీద కట్టిన బ్యాలెన్సింగ్ రిజర్వాయరు సామర్థ్యం 10 టీఎంసీలు. అది నిండిన ఏడు తోటలు నవ్వుతాయి. నిండని ఏడు బోరు ఇంకెంత లోతుకు దింపాలన్న లెక్కలు మొదలవుతాయి. కర్ణాటకలో పుట్టి అనంతపురం జిల్లా మీదుగా వచ్చే ఆ ఏరు చివరికి పెన్నలో కలుస్తుంది. ఇక్కడి మనుషుల మాట కూడా అలాంటిదే. ఎక్కడో పుట్టిన కథ ఈ ఊళ్లలోకి వచ్చి, ఇక్కడి యాసను కలుపుకుని, ముందుకు సాగిపోతుంది.

లింగాల అనగానే తెలంగాణ వాళ్లకు నాగర్‌కర్నూలు జిల్లాలోని మండలం గుర్తొస్తుంది. ఇది కడప జిల్లా లింగాల. పెద్ద కోట లేదు, పేరుమోసిన జలపాతం లేదు. మరి ఇక్కడ చూడాల్సిందేమిటి? చూడటానికి తోటలున్నాయి. వినడానికైతే చాలా ఉంది.

చెక్కల చప్పుడులో కొత్త చరణం

శ్రీరామనవమి దగ్గర పడుతోందంటే రాయలసీమ పల్లెల్లో చెక్కభజన అడుగులు మొదలవుతాయి. పగలంతా పొలం పనులు. రాత్రి భోజనాలయ్యాక రామాలయం ముందు సాధన. గురువు మధ్యలో నిలబడి పాట ఎత్తుకుంటే, చుట్టూ ఉన్నవాళ్లు చేతిలోని చెక్కలు తాళానికి మోగిస్తూ అడుగులేస్తారు. ముందువరుస వాళ్లు తప్పటడుగు వేస్తే వెనకవరుస కూడా తప్పుతుంది. అందుకే ఇది ఒక్కడి విద్య కాదు, పదిమంది ఒక్కటైతేనే పండే విద్య.

పాటలోని కథ అందరికీ తెలిసిందే. రాముడు విల్లు విరుస్తాడు, అడవికి వెళ్తాడు, సీతను తెచ్చుకుంటాడు. వినేవాళ్లకు ముగింపు ముందే తెలుసు. అయినా గుమిగూడతారెందుకు? ఈ ఏడు గురువు కొత్తగా ఏం చేర్చాడో వినడానికి. తెలిసిన కథలో తెలియని చరణం ఒకటి పడితే చాలు, పక్క ఊరి బృందం దాన్ని పట్టుకుపోతుంది. మరుసటి ఏడు అది ఇంకో రూపంలో తిరిగొస్తుంది. ఎవరు కట్టారన్నది మరుగున పడుతుంది. పాట మాత్రం మిగులుతుంది.

పద్యనాటకాలదీ అదే దారి. కురుక్షేత్రం, సత్య హరిశ్చంద్ర ఆడని పల్లె సీమలో అరుదు. కొలువులున్నవాళ్లూ, కాడి పట్టినవాళ్లూ కలిసి హార్మోనియం మేష్టారి దగ్గర నెలల తరబడి పద్యాలు నేర్చుకునేవారు. నాటకం రాత్రి భోజనాలయ్యాక మొదలైతే తెల్లవారుజామున కోడి కూసేదాకా సాగేది. కృష్ణుడి వేషధారి రాగం లాగితే ‘వన్స్‌మోర్’ అని కేకలు. ఒకే పాత్రకు ఇద్దరు ముగ్గురు నటులుండటం కూడా మామూలే.

ఈ నాటకాల్లో ఒక విచిత్రం దాగుంది. హరిశ్చంద్ర నాటకం రాసింది బలిజేపల్లి లక్ష్మీకాంతం. కాటి సీనులో ప్రేక్షకుల గుండెలు పిండే పద్యాలు మాత్రం చాలావరకు గుర్రం జాషువావి. ఆయన శ్మశానం మీద రాసిన ఖండకావ్యం నటులకు ఎంత నచ్చిందంటే, ఎవరూ చెప్పకుండానే దాన్ని తెచ్చి నాటకంలో చేర్చుకున్నారు. ఊరూరా అదే పద్ధతి అయిపోయింది. చివరికి ఆ పద్యాలు లేకుండా హరిశ్చంద్ర ఆడితే జనం ఒప్పుకోని పరిస్థితి వచ్చింది. నాటకకర్త ఒకరు, పద్యకర్త మరొకరు, వాటిని కలిపిందేమో పేరు కూడా తెలియని నటులు. ఇష్టమైన రచనను పట్టుకుని దానికి ఇంకో ఇష్టమైన రచనను జోడించడం తెలుగు పల్లెలకు అలా ఎప్పటినుంచో అలవాటే.

ఆ మాటకొస్తే పెద్ద గ్రంథాలు మాత్రం ఒంటిచేత్తో వచ్చాయా? నన్నయ ఆపిన చోటి నుంచి భారతాన్ని ముందుకు నడిపినవాళ్లు తిక్కన, ఎర్రన. పోతన భాగవతంలో కొన్ని స్కంధాలను పూరించింది గంగన, సింగన, నారయ. భాస్కర రామాయణమైతే ఒక గుంపు కవుల పని. మొదలుపెట్టినవాడి మీద గౌరవం ఉన్నవాడే మిగిలిన పని నెత్తికెత్తుకుంటాడు.

పైడిపాలెం అంటే నీళ్లేనా?

లింగాల నుంచి ఈశాన్యంగా వెళ్తే పక్కనే సింహాద్రిపురం మండలం. ఇక్కడి నుంచి నేల రంగు మారుతుంది. నల్లరేగడి మొదలవుతుంది. ఈ మండలంలో రెండు పల్లెల పేర్లు తెలుగు సాహిత్యం చదివేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సినవి. ఒకటి పైడిపాలెం, రెండోది అంకాలమ్మగూడూరు.

ఇప్పుడు పైడిపాలెం అంటే అందరికీ జలాశయం గుర్తొస్తుంది. గండికోట నీళ్లను ఎత్తిపోసి నింపే ఆ జలాశయం చుట్టుపక్కల పొలాలకు ప్రాణం. కానీ 1922లో అదే ఊళ్లో పుట్టిన రాచమల్లు రామచంద్రారెడ్డి తెలుగు విమర్శకు చేసిన మేలు కూడా తక్కువది కాదు. రారా అన్న రెండక్షరాలతోనే ఆయన ప్రసిద్ధుడు. గిండీ ఇంజనీరింగు కళాశాలలో చదువు మధ్యలోనే ఆగిపోయింది. ఆ తరువాత కమ్యూనిస్టు ఉద్యమం, పత్రికలు, మాస్కోలో అనువాదకుడి ఉద్యోగం. ‘అలసిన గుండెలు’ పేరుతో కథలు, ‘సారస్వత వివేచన’ పేరుతో విమర్శ వెలువరించారు. ‘అనువాద సమస్యలు’ పుస్తకానికి 1988లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం ప్రకటించారు. అదే ఏడు ఆయన కన్నుమూశారు.

అంకాలమ్మగూడూరు గజ్జెల మల్లారెడ్డి ఊరు. వ్యంగ్య గేయాలతో నాయకులకూ, దొంగభక్తులకూ అక్షింతలు వేసిన కవి. ఒకే ప్రాంతంలో పుట్టి, ఒకే ఉద్యమంలో నడిచిన ఈ ఇద్దరిలో ఒకరి చేతిలో తూకపురాయి, ఇంకొకరి చేతిలో చర్నాకోల.

1968లో కడప నుంచి రారా ‘సంవేదన’ అనే త్రైమాసిక పత్రిక తెచ్చారు. ఎక్కువ కాలం నడవలేదు. సంచికల లెక్క తీస్తే చేతివేళ్లు చాలు. అయినా ఇన్నేళ్ల తరువాత కూడా సాహిత్య సభల్లో దాని పేరు వినిపిస్తూనే ఉంది. కారణం ఏమిటి? మొహమాటం లేకపోవడం. పేరుమోసిన కవి అని వెనక్కి తగ్గలేదు, మిత్రుడని మినహాయింపు ఇవ్వలేదు. కథ బాగుంటే ఎందుకు బాగుందో, బాగాలేకపోతే ఎక్కడ చెడిందో విప్పి చెప్పడం రారా పద్ధతి.

అలాంటి మనిషికి రాసింది చూపించాలంటే గుండె ధైర్యం కావాలి. అయినా ఆయన చుట్టూ కథకులు చేరారు. రంగశాయిపురంలో పుట్టిన కేతు విశ్వనాథరెడ్డి, ఉరుటూరు నుంచి వచ్చిన సొదుం జయరాం ఆ కోవలోనివాళ్లే. పొగడ్త ఎక్కడైనా దొరుకుతుంది. తప్పు చూపించే మిత్రుడు దొరకడమే కష్టం. కడప కథకు ఆ కాలంలో వచ్చిన బిగువు వెనక ఆ కటువైన చదువరి ఉన్నాడంటే అతిశయోక్తి కాదు.

కేతు విశ్వనాథరెడ్డి కథలకు 1996లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఆయన చేసిన ఇంకో రెండు పనులు కూడా చెప్పుకోవాలి. కడప జిల్లా ఊళ్ల పేర్ల మీద పరిశోధన చేసి డాక్టరేటు అందుకున్నారు. మనం రోజూ బస్సు బోర్డు మీద చదివి మరిచిపోయే పేర్లలో చెట్లూ, చెరువులూ, దిన్నెలూ, దేవుళ్లూ ఎలా దాగున్నారో వెతికారు. రెండోది, కొడవటిగంటి కుటుంబరావు రచనలను సంపుటాలుగా తేవడానికి సంపాదకత్వం వహించడం. ఒక కథకుడు తన కథలు పక్కన పెట్టి, తనకంటే ముందుతరం కథకుడి కాగితాలు సర్దడానికి ఏళ్ల తరబడి కూర్చోవడం చిన్న విషయం కాదు. 2023లో ఆయన వెళ్లిపోయారు. ఆ సంపుటాలు మాత్రం గ్రంథాలయాల్లో ఉన్నాయి.

ఇద్దరు మిత్రులు, ఇద్దరు వీరులు

ముద్దనూరు దాటి ఉత్తరంగా సాగితే జమ్మలమడుగు. గండికోట చూడటానికి వచ్చేవాళ్లంతా ఈ ఊరి మీదుగానే వెళ్తారు. పెన్న చీల్చుకుపోయిన ఎర్రటి లోయ దగ్గర ఫొటోలు దిగి తిరుగుముఖం పడతారు. ఈ ఊళ్లోనే 1888లో దుర్భాక రాజశేఖర శతావధాని పుట్టారన్న సంగతి వాళ్లలో ఎందరికి తెలుసు? ఆరేళ్ల తరువాత, 1894లో, అప్పటి జమ్మలమడుగు తాలూకాలోని నెమళ్లదిన్నెలో గడియారం వేంకట శేషశాస్త్రి పుట్టారు. నెమళ్లు తిరిగిన దిన్నె... పేరులోనే కవిత్వం ఉన్న ఊరు.

ఈ ఇద్దరూ కలిసి రాజశేఖర వేంకటశేష కవులుగా పేరు తెచ్చుకున్నారు. అది జంటకవుల కాలం. తిరుపతి వేంకటకవులు ఊరూరా అవధానాలు చేసి తెలుగునాట పద్యానికి జాతర వాతావరణం తెచ్చిన రోజులు. దివాకర్ల తిరుపతి శాస్త్రి, చెళ్లపిళ్ల వేంకట శాస్త్రి మధ్య ఒక ఒప్పందం ఉండేది. ఎవరు రాసినా ఇద్దరి పేరే పెట్టాలి. 1920లో తిరుపతి శాస్త్రి పోయాక చెళ్లపిళ్ల మరో 30 ఏళ్లు బతికారు. ఒంటరిగా రాసినవాటికీ జంట పేరే పెట్టుకున్నారు. స్నేహమంటే అదీ అని పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు.

జంటగా రాయడం వినడానికి తేలికే. చేయడం అంత తేలిక కాదు. ఒక పాదం ఒకరు చెబితే తరువాతి పాదం ఇంకొకరు అందుకోవాలి. యతి కుదరాలి, ప్రాస తప్పకూడదు, భావం తెగకూడదు. అన్నింటికీ మించి ‘ఇది నాది’ అన్న పట్టు వదలాలి. మనసులో అనుకున్న పద్యాన్ని మిత్రుడు ఇంకో దారి పట్టిస్తే నొచ్చుకోకుండా ఆ దారిన నడవాలి. కాపురం చేసినవాళ్లకు ఈ కష్టం విడమరిచి చెప్పనక్కర్లేదు.

దుర్భాక, గడియారం కలిసి కావ్యాలు, నాటకాలు రాశారు. ఆ తరువాత ఎవరి కావ్యం వారు చేపట్టారు. ఇక్కడే అసలు ముచ్చట. దుర్భాక వారు ఎంచుకున్నది మేవాడు రాణా ప్రతాపసింహుడిని. గడియారం వారు ఎంచుకున్నది మరాఠా ఛత్రపతి శివాజీని. ఒకరిది ‘రాణా ప్రతాపసింహ చరిత్ర’, మరొకరిది ‘శ్రీ శివభారతం’. హల్దీఘాటీ యుద్ధం 1576లో జరిగింది. శివాజీ పట్టాభిషేకం 1674లో. ఇద్దరు వీరుల మధ్య దాదాపు నూరేళ్ల దూరం. రాజస్థాన్ ఎడారి అంచుకూ సహ్యాద్రి కొండలకూ, పెన్న ఒడ్డుకూ ఏమిటి సంబంధం?

సంబంధం కాలానిది. దేశం తెల్లదొరల పాలనలో ఉంది. నేరుగా చెప్పలేని మాటను పాత వీరుడి నోట చెప్పించవచ్చు. పరాయి పాలనకు తలవంచని రాజు కథ చదువుతూ కుర్రవాడు రొమ్ము విరుచుకుంటే, కవి పని అయినట్టే. ఇద్దరు మిత్రులూ వేర్వేరు గదుల్లో కూర్చున్నా రాసింది ఒకే మాట. జంట విడిపోయిందనుకున్నవాళ్లకు ఆ రెండు కావ్యాలే జవాబు. ఒక చెట్టుకు రెండు కొమ్మలు వచ్చాయంతే.

ప్రొద్దుటూరు ఈ ఇద్దరినీ అక్కున చేర్చుకుంది. బంగారం వ్యాపారానికి పేరుమోసిన ఊరిది. నగల దుకాణాల తళుకుల మధ్య నడుస్తుంటే ఇక్కడ పద్యానికి చోటెక్కడ అనిపిస్తుంది. కానీ పుట్టపర్తి నారాయణాచార్యులు ‘శివతాండవం’ రాసింది ఈ ఊరి అగస్త్యేశ్వరాలయంలో ప్రదక్షిణలు చేస్తూనే. శతావధాని సి.వి. సుబ్బన్న, అవధాని నరాల రామారెడ్డి వంటివాళ్లు ఆ వెలుగును తరువాతి తరానికి అందించారు. పసిడి తూచే ఊళ్లో పద్యం తూచే చెవులకూ కొదవలేకపోయింది.

దుర్భాక వారు 1957లో కన్నుమూశారు. గడియారం వారు ఆ తరువాత 23 ఏళ్లు ఉన్నారు. 1980లో వెళ్లిపోయారు. పద్యం మొదటి పాదం చెప్పగానే రెండో పాదం అందుకునే గొంతు లేకుండా గడిచిన 23 ఏళ్లవి.

దొరగారి బంగళా

ఈ దారి చివర కడప ఉంది. 1820లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా ఇక్కడికి వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్‌కు తెలుగు మీద ప్రేమ పుట్టింది. బంగళా కొన్నాడు. సొంత డబ్బుతో పండితులను పెట్టుకున్నాడు. చెదలు తింటున్న తాళపత్రాలను సేకరించి, ఒక్కో కావ్యానికి నాలుగైదు ప్రతులు ముందేసుకుని, పాఠాలు సరిచూసి, శుద్ధ ప్రతులు రాయించాడు. 1829లో వేమన పద్యాలు అచ్చయ్యాయి. పేరు బ్రౌన్‌దే వినిపిస్తుంది. కానీ పండితులు లేకపోతే ఆ పని సాగేదా? పనులన్నీ చక్కబెట్టిన అయోధ్యాపురం కృష్ణారెడ్డి లేకపోతే ఆ బంగళా నడిచేదా? ఇదీ ఒక గుంపు పనే.

ఆ బంగళా శిథిలాల చోటే జానుమద్ది హనుమచ్ఛాస్త్రి పట్టుదలతో సి.పి. బ్రౌన్ గ్రంథాలయం వెలిసింది. విరాళాల కోసం ఆయన గడప గడపా తొక్కారు. కడపకు వెళ్లినవాళ్లు దేవుని కడప, పెద్ద దర్గా చూసుకుని, ఓ గంట ఇక్కడ కూడా కూర్చోవాలి. పాత కాగితం వాసన పీల్చుకుంటూ ఒక్క పుస్తకమైనా తిరగేయాలి.

రెండో పాదం ఎవరిది?

తిరిగి లింగాల వైపు వస్తే పొద్దు గూకుతూ ఉంటుంది. రామాలయం అరుగుల మీద పెద్దలు, చేతిలో సెల్‌ఫోన్లతో కుర్రాళ్లు. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలోనో, పులివెందుల ఇంజనీరింగు కళాశాలలోనో చదువుతూ సెలవులకు వచ్చే పిల్లలు ఈ పల్లెల్లో కొత్త కాదు. ‘ఫోన్లు వచ్చి కథలు పోయాయి’ అని పెద్దవాళ్లు నిట్టూరుస్తారు. నిజంగా పోయాయా? నచ్చిన సినిమా కథకు తమకిష్టమైన ముగింపు రాసుకునేవాళ్లు, నలుగురు కలిసి షార్ట్‌ఫిల్మ్ తీసేవాళ్లు, రాసిన రెండు పేజీలు స్నేహితుడికి పంపి ‘ఎలా ఉందిరా?’ అని అడిగేవాళ్లు ఈ తరంలోనూ ఉన్నారు. చెక్కభజన గురువు కొత్త చరణం కట్టినట్టే, నటుడు జాషువా పద్యాన్ని కాటి సీనులోకి తెచ్చినట్టే ఇదీను.

తగ్గిపోయింది వేరే ఉంది. పాత పద్యం చదివి వినిపించే గొంతు, మొహమాటం లేకుండా తప్పు చెప్పే మిత్రుడు. ‘శివభారతం’ పేరు విన్న పిల్లలెందరు? పైడిపాలెం గట్టు మీద నిలబడి సెల్ఫీ తీసుకునేవాళ్లలో రారా పేరు తెలిసినవాళ్లెందరు? తాత నోట ఒక్క పద్యం, నాన్న నోట ఒక్క కథ వినిపించకపోతే, తరువాతి పాదం అందుకోవడానికి పిల్లలకు మొదటి పాదమే ఉండదు.

గట్టున ఉన్న రైతుకు తెలుసు, కాలువలో నీళ్లు పైనుంచి వదిలితేనే కింది మడికి చేరతాయని. ఈ ఆదివారం ఇంట్లో పెద్దవాళ్లు ఒక్క పద్యం గుర్తు చేసుకుంటే చాలు. ఎక్కడో ఆగిపోతే ఫరవాలేదు. మిగతాది అందుకునేవాళ్లు పక్కనే ఉండవచ్చు.

ఎలా వెళ్లాలి?

కడప నుంచి పులివెందులకు బస్సులు తరచుగా ఉంటాయి. అక్కడి నుంచి లింగాల, పార్నపల్లె వైపు వెళ్లొచ్చు. రైల్లో వచ్చేవాళ్లు గుంతకల్లు - కడప మార్గంలోని ముద్దనూరులో దిగితే అటు పులివెందుల, ఇటు జమ్మలమడుగు రెండూ అందుబాటులో ఉంటాయి. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు పట్టణాలకు నంద్యాల - ఎర్రగుంట్ల రైలుమార్గం 2016 నుంచి ఉంది. ఎండలు ముదరకముందు, చలికాలం ప్రయాణానికి అనువు. శ్రీరామనవమి ముందు రోజుల్లో వెళ్తే రాత్రిపూట చెక్కల చప్పుడు కూడా వినొచ్చు.